నెట్‌వర్క్ డ్రైవర్‌లో నల్ చెక్‌లు: ఏవి కొట్టేయొచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

టీఎక్స్_రింగ్ (ప్రశ్న)

ఒక ఈథర్నెట్ డ్రైవర్‌ని నెట్-నెక్స్ట్‌కి (లైనక్స్ నెట్‌వర్కింగ్‌లో కొత్త కోడ్ చేరే ట్రీ) పంపే ముందు శుభ్రం చేస్తున్నాను. పాత బోర్డుల మీద లైనక్స్ కెర్నల్ 5.10తో నడుస్తోంది, కొత్తవాటికి 6.12. కోడ్‌లో అడుగడుగునా నల్ చెక్‌లే, అంటే పాయింటర్ ఖాళీనా అని చూసే ఇఫ్‌లు. ప్యాచ్‌లని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ మాత్రం ఒక్క కేఫ్రీ (మెమరీ విడుదల) దగ్గరే నోరు విప్పింది, ఈ చెక్ అక్కర్లేదేమో అని. మిగతావాటి మీద పల్లెత్తు మాట లేదు. నాకు అనుమానంగా ఉన్నవి ఇవి (ఎస్‌కేబీ అంటే ప్యాకెట్ బఫర్, ఎన్‌డెవ్ అంటే నెట్‌వర్క్ డివైస్, ప్రివ్ అంటే డ్రైవర్ సొంత డేటా):

(అ) ఇఫ్ (ప్రివ్->ఆర్ఎక్స్_ఎస్‌కేబీ) డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ(ప్రివ్->ఆర్ఎక్స్_ఎస్‌కేబీ);

(ఆ) ఇఫ్ (ప్రివ్->లోయర్) డెవ్_పుట్(ప్రివ్->లోయర్);

(ఇ) ప్రివ్ = నెట్‌డెవ్_ప్రివ్(ఎన్‌డెవ్); ఇఫ్ (!ప్రివ్) రిటర్న్ -ఈనోమెమ్;

(ఈ) ప్యాకెట్ పంపే ఎక్స్‌మిట్ ఫంక్షన్‌లో: ఐపీహెచ్ = ఐపీ_హెచ్‌డీఆర్(ఎస్‌కేబీ); ఇఫ్ (!ఐపీహెచ్) గోటూ డ్రాప్;

(ఉ) టీఎక్స్ రింగ్ ఖాళీ చేసే లూప్‌లో: ఇఫ్ (బఫ్->ఎస్‌కేబీ) { డీఎంఏ_అన్‌మ్యాప్_సింగిల్(...); డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ_ఎనీ(బఫ్->ఎస్‌కేబీ); }

(ఊ) ఐడెవ్ = __ఇన్6_డెవ్_గెట్(ఎన్‌డెవ్); ఇఫ్ (!ఐడెవ్) రిటర్న్;

మా బోర్డుల్లో ఐపీవీ6 ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి (ఊ) కూడా దండగే అనుకుంటున్నాను. ఆరూ తీసేయొచ్చా? తీస్తే ఒకే ప్యాచ్‌లో పెట్టాలా, విడివిడిగానా?

సాఫ్ట్‌ఐఆర్‌క్యూ

ఆరింటినీ ఒకే గాటన కట్టారు, చిక్కంతా అక్కడే ఉంది. పైకి అన్నీ ఇఫ్ (పాయింటర్) లాగే కనిపిస్తాయి గానీ, అక్కర్లేకపోవడానికి కారణం ఒక్కోచోట ఒక్కోటి. ఆ కారణాన్ని ఒక వాక్యంలో రాయగలిగితేనే చెక్ తీయండి.

(ఇ)తో మొదలుపెడదాం, అది అన్నిటికంటే తేలిక. నెట్‌డెవ్_ప్రివ్ ఏదీ వెతికి తెచ్చే ఫంక్షన్ కాదు, ఉత్త కూడిక. పాత కెర్నళ్లలో నెట్_డివైస్ స్ట్రక్చర్ సైజుని 32 బైట్ల హద్దుకి సర్ది ఎన్‌డెవ్ అడ్రస్‌కి కలుపుతుంది. ఈమధ్య కెర్నళ్లలో స్ట్రక్చర్ చివర ఉన్న ప్రివ్ అర్రే అడ్రస్ ఇస్తుంది. ఎలా చూసినా నల్ రాదు. తమాషా ఏమిటంటే, ఎన్‌డెవ్ నిజంగా నల్ అయినా ప్రివ్ నల్ కాదు. సున్నాకి స్ట్రక్చర్ సైజు కలిపితే వచ్చే చిన్న అడ్రస్ అవుతుంది. అంటే ఆ చెక్ దేన్ని పట్టుకోవాలని పెట్టారో దాన్నే పట్టుకోలేదు. ఈనోమెమ్ చూసుకోవాల్సిన చోటు అలాక్_ఈథర్‌డెవ్ పిలిచిన లైన్, అది నల్ ఇస్తుంది. అక్కడ చెక్ ఉందో లేదో చూసుకుని (ఇ) కొట్టేయండి.

(ఈ) కూడా అదే జాతి, కాకపోతే ఇది తీసేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఐపీ_హెచ్‌డీఆర్ అంటే ఎస్‌కేబీ->హెడ్‌కి నెట్‌వర్క్_హెడర్ ఆఫ్‌సెట్ కలపడం. నల్ కాదు సరే, కానీ ఆ అడ్రస్ దగ్గర 20 బైట్ల ఐపీ హెడర్ ఉందని ఎవరు చెప్పారు? అసలు అది ఐపీవీ4 ప్యాకెట్టేనా? రాసినవాళ్లు ఆ భయంతోనే చెక్ పెట్టి ఉంటారు, పెట్టింది తప్పు చెక్. ఉండాల్సింది ఇది: ముందు ఎస్‌కేబీ->ప్రోటోకాల్ ఐపీ అవునో కాదో చూడాలి. తర్వాత పీఎస్‌కేబీ_మే_పుల్(ఎస్‌కేబీ, ఎస్‌కేబీ_నెట్‌వర్క్_ఆఫ్‌సెట్(ఎస్‌కేబీ) + సైజాఫ్(*ఐపీహెచ్)). ఎక్స్‌మిట్‌కి వచ్చేసరికి డేటా మొదలయ్యేది ఈథర్నెట్ హెడర్ దగ్గర, కాబట్టి మామూలు ఫ్రేమ్‌కి ఆ ఆఫ్‌సెట్ 14. ఉత్త సైజాఫ్ పెడితే 14 బైట్లు తక్కువ లాగినట్టే. పుల్ అంటే అన్ని బైట్లనీ హెడ్ బఫర్‌లోకి వరసగా లాగడం. అది అయ్యాకే ఐపీ_హెచ్‌డీఆర్ పిలవండి. ముందే తీసి పెట్టుకున్న ఐపీహెచ్‌ని తర్వాత వాడితే, పుల్ లోపల హెడ్ బఫర్ మారిపోయి ఉండొచ్చు, మీ చేతిలో ఉన్నది విడుదలైన మెమరీ. కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ పనిముట్టు) పెట్టి నడిపితే వెంటనే దొరుకుతుంది, పెట్టకపోతే ఆరు నెలలకి దొరుకుతుంది.

చదివి చూడ్డమే పని అయితే ఎస్‌కేబీ_హెడర్_పాయింటర్ ఇంకా శుభ్రం. అది నిజంగానే నల్ ఇస్తుంది, దాని తర్వాతి చెక్ తీయకూడదు. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కదా అని రెంటికీ ఒకే వైద్యం చేయకండి. ఇంకోటి, డ్రాప్ లేబుల్ దగ్గర ఎస్‌కేబీని విడుదల చేసి నెట్‌డెవ్_టీఎక్స్_ఓకే తిరిగివ్వాలి. విడుదల చేశాక నెట్‌డెవ్_టీఎక్స్_బిజీ ఇస్తే పై పొర అదే ఎస్‌కేబీని మళ్లీ పంపిస్తుంది.

(అ)లో పిలిచిన ఫంక్షనే నల్‌ని మింగుతుంది, అంటే నల్ ఇచ్చినా కూలదు. డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ అంటే కన్స్యూమ్_ఎస్‌కేబీకి మారుపేరు, అది లోపల ఎస్‌కేబీ_అన్‌రెఫ్ పిలుస్తుంది, అందులో మొదటి పనే నల్ చూడ్డం. ట్రేస్‌పాయింట్ ఆ తర్వాతే కాబట్టి నల్ పంపితే ట్రేస్‌లో చెత్త కూడా పడదు. తీసేయండి. అయితే తీసేటప్పుడు చేయి ఊరుకోక దాన్ని కేఫ్రీ_ఎస్‌కేబీగా మార్చకండి. కేఫ్రీ_ఎస్‌కేబీ అంటే ప్యాకెట్ పారేశాం అని అర్థం, డ్రాప్ మానిటర్‌లో లెక్కకొస్తుంది. కన్స్యూమ్ అంటే పని అయిపోయింది, మామూలుగా వదిలేశాం అని. ఈ పేర్లలో ఒక వంకర ఉంది: డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ కన్స్యూమ్ జాతి, చివర ఎనీ తగిలించిన డెవ్_కేఫ్రీ_ఎస్‌కేబీ_ఎనీ మాత్రం డ్రాప్ జాతి. సక్రమంగా పంపేసిన ప్యాకెట్‌కి కావాల్సింది డెవ్_కన్స్యూమ్_ఎస్‌కేబీ_ఎనీ.

ఆ చెక్ డబుల్ ఫ్రీ నుంచి కాపాడుతుందనే భ్రమ ఉంటే వదిలేయండి. విడుదలైన పాయింటర్ నల్ కాదు, పాత అడ్రసే. కాపాడేది ఫ్రీ తర్వాత వచ్చే ప్రివ్->ఆర్ఎక్స్_ఎస్‌కేబీ = నల్; అన్న లైన్. అది ఇఫ్ బ్రాకెట్ల లోపల ఉంటే, బ్రాకెట్లతో పాటు దాన్ని కూడా ఊడ్చేయకండి.

(ఉ)లో ఆ ఇఫ్ కాస్తున్నది ఫ్రీని కాదు, అన్‌మ్యాప్‌ని (డివైస్‌కి చూపించిన మెమరీని వెనక్కి తీసుకోవడం). ఇఫ్ మొత్తం తీస్తే మ్యాప్ చేయని అడ్రస్‌ని అన్‌మ్యాప్ చేస్తారు, డీఎంఏ ఏపీఐ డీబగ్ ఆన్‌లో ఉంటే తను కేటాయించని మెమరీని డ్రైవర్ విడుదల చేస్తోందని అరుస్తుంది. కానీ ఉన్నది ఉన్నట్టు వదిలేసినా తప్పే ఉండొచ్చు. మీ డ్రైవర్ స్కాటర్-గ్యాదర్ (ఒక ప్యాకెట్‌ని ఫ్రాగ్‌లు అనే ముక్కలుగా పంపడం) చేస్తుందా? చేస్తే ఒక ప్యాకెట్‌కి చాలా డిస్క్రిప్టర్లు, ఎస్‌కేబీ పాయింటర్ మాత్రం సాధారణంగా ఒక్క స్లాట్‌లోనే. మిగతా స్లాట్లలో ఎస్‌కేబీ నల్, మ్యాపింగ్ మాత్రం బతికే ఉంటుంది. మీ చెక్ వాటన్నిటినీ దాటేస్తోంది, అవి లీక్. అన్‌మ్యాప్‌కి బఫ్->లెన్ లాంటి సొంత గుర్తు పెట్టి, ఫ్రాగ్‌లకి డీఎంఏ_అన్‌మ్యాప్_పేజ్ పిలిచి, ఎస్‌కేబీ ఫ్రీని చెక్ లేకుండా కిందకి దించండి.

గోదారి_గట్టు

(ఆ) గురించి. 6.12లో తీయొచ్చు, 5.10లో తీస్తే ఊప్స్, అంటే కెర్నల్ కూలుతుంది. డెవ్_పుట్ అంటే డివైస్ మీద పట్టుకున్న రిఫరెన్స్ వదలడం.

డెవ్_పుట్, డెవ్_హోల్డ్ లోపలికి నల్ చెక్ వచ్చింది 2021 ఆగస్టులో, మెయిన్‌లైన్‌లో 5.15 నుంచి. అంతకుముందు 5.10లో డెవ్_పుట్ అంటే డెవ్->పీసీపీయూ_రెఫ్‌కౌంట్‌ని ఒకటి తగ్గించడమే, డెవ్ నల్ అయితే అక్కడికక్కడే పేజ్ ఫాల్ట్. కొత్త ట్రీలో శుభ్రం చేసిన డ్రైవర్‌ని పాత ట్రీకి బ్యాక్‌పోర్ట్ చేసినప్పుడు పేలేది ఇదే. కంపైల్ శుభ్రంగా అవుతుంది, ప్రోబ్ (డివైస్‌ని మొదలుపెట్టే దశ) బాగుంటుంది, లోయర్ డివైస్ లేని బోర్డులో మాడ్యూల్ తీసినప్పుడు కూలుతుంది. పైగా వర్షన్ నంబర్ చూసి నిర్ధారించుకోకండి. స్టేబుల్ శాఖల్లోకీ వెండర్ ట్రీల్లోకీ ఇలాంటి చిన్న మార్పులు వేరే ఫిక్స్‌ల వెంట తోకలా వచ్చి చేరుతుంటాయి. ఆ ట్రీలోనే ఇన్‌క్లూడ్/లైనక్స్/నెట్‌డివైస్.హెచ్ తెరిచి, డెవ్_పుట్ ఒళ్లు చదవండి. రెండు నిమిషాల పని.

కొత్త డ్రైవర్ కాబట్టి అసలు డెవ్_హోల్డ్, డెవ్_పుట్ జోలికే పోకుండా ట్రాకర్ (రిఫరెన్స్ ఎవరు పట్టుకున్నారో గుర్తుపెట్టుకునేది) ఉన్న నెట్‌డెవ్_హోల్డ్, నెట్‌డెవ్_పుట్ వాడమని రివ్యూలో అడుగుతారు. అవి కూడా నల్‌ని తట్టుకుంటాయి. రిఫరెన్స్ ఎక్కడైనా జారిపోతే "అన్‌రిజిస్టర్_నెట్‌డివైస్: ఫలానా డివైస్ ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాం" అనే లైన్ డీమెసేజ్‌లో పదేపదే వస్తుంది కదా, ట్రాకర్ ఆన్ చేస్తే ఆ రిఫరెన్స్ ఎవరు పట్టుకున్నారో స్టాక్‌తో సహా చూపిస్తుంది.

ఇక, నల్‌ని మింగుతాయిలే అని జనం పొరబడేవి. సాక్_పుట్ మింగదు, నేరుగా రెఫ్‌కౌంట్ తగ్గిస్తుంది. డీఎస్‌టీ_రిలీజ్ మింగుతుంది, దాని జంట డీఎస్‌టీ_హోల్డ్ మింగదు. ఫ్రీ_నెట్‌డెవ్ పేరులో ఫ్రీ ఉంది గానీ నల్ ఇస్తే కూలుతుంది, అన్‌రిజిస్టర్_నెట్‌డెవ్ కూడా అంతే. డిస్ట్రాయ్_వర్క్‌క్యూ మింగదు, కేమెమ్_క్యాష్_డిస్ట్రాయ్ మింగుతుంది. ఫై_డిస్కనెక్ట్ మింగదు. ఆఫ్_నోడ్_పుట్, పుట్_డివైస్, మాడ్యూల్_పుట్, రిలీజ్_ఫర్మ్‌వేర్ మింగుతాయి. పేరుని బట్టి చెప్పే సూత్రమేదీ లేదు, డెఫినిషన్ దగ్గరికి వెళ్లి చదవడమే.

వేమవరం_పుల్లయ్య

(ఊ) దయచేసి ముట్టుకోకండి. ఐపీవీ6 ఎప్పుడూ ఆన్‌లో ఉంటుందని మీరనుకుంటున్నారు, ఎంటీయూకి ఆ సంగతి తెలియదు. ఎంటీయూ అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ట సైజు, ఐపీవీ6కి అది కనీసం 1280 ఉండాలి. ఎవరైనా ఇంటర్‌ఫేస్ ఎంటీయూని అంతకంటే కిందకి దించితే కెర్నల్ ఆ డివైస్ నుంచి ఇన్6_డెవ్‌ని (దాని ఐపీవీ6 వివరాలుండే స్ట్రక్చర్) పీకేస్తుంది. కళ్లారా చూడాలంటే రూట్‌గా ఈ నాలుగూ కొట్టండి:

ఐపీ లింక్ యాడ్ డమ్మీ0 టైప్ డమ్మీ
ఐపీ లింక్ సెట్ డమ్మీ0 అప్
ఐపీ లింక్ సెట్ డమ్మీ0 ఎంటీయూ 1279
ఎల్ఎస్ /ప్రాక్/సిస్/నెట్/ఐపీవీ6/కాన్ఫ్/

మూడో కమాండ్ ముందు ఆ డైరెక్టరీలో డమ్మీ0 ఉంటుంది, తర్వాత ఉండదు. ఎంటీయూ మళ్లీ 1500 చేస్తే తిరిగొస్తుంది, కొత్త ఇన్6_డెవ్‌తో. డమ్మీ బదులు మీ డ్రైవర్ ఇంటర్‌ఫేస్ మీద ట్రాఫిక్ నడుస్తుండగా ఇదే చేయండి, చెక్ లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది. డ్రైవర్ కనీస ఎంటీయూ అడ్డుపడితే తప్ప ఇది మామూలు కమాండే.

ఎంటీయూ ఒక్కటే కాదు. బూట్ లైన్‌లో ఐపీవీ6.డిసేబుల్=1 పెట్టిన మెషీన్లో ఏ డివైస్‌కీ ఇన్6_డెవ్ ఉండదు. ఇది సిస్‌కంట్రోల్‌లో ఉన్న డిసేబుల్_ఐపీవీ6 లాంటిది కాదు. అది అడ్రస్‌లు తీసేస్తుంది గానీ ఇన్6_డెవ్‌ని ఉంచుతుంది. అందుకే సిస్‌కంట్రోల్‌తో పరీక్షించి "నల్ రాలేదు, చెక్ దండగ" అనుకుంటే మోసపోతాం. ఐపీవీ4 వైపు కూడా ఇదే కథ, అక్కడ హద్దు 68. ఎంటీయూ అంతకు తగ్గితే ఇన్_డెవ్ పోతుంది.

ఇలాంటి చోట చెక్ ఉందా అన్నదొక్కటే చాలదు, పాయింటర్ ఎన్నిసార్లు తెచ్చారో కూడా చూడాలి. ఇఫ్ (__ఇన్6_డెవ్_గెట్(డెవ్)) అని ఒకసారి చూసి, లోపల మళ్లీ __ఇన్6_డెవ్_గెట్(డెవ్)->కాన్ఫ్ అని రాసిన కోడ్ ఉంటుంది. చూసిన పాయింటర్ వేరు, వాడిన పాయింటర్ వేరు, మధ్యలో ఎంటీయూ మారొచ్చు. ఆర్‌సీయూ రీడ్ లాక్ (వాడుతుండగా ఆ మెమరీ విడుదల కాకుండా ఆపేది) కింద ఒక్కసారి తెచ్చి, ఒక లోకల్‌లో పెట్టి, దాన్ని చూసి, దాన్నే వాడాలి.

టీఎక్స్_రింగ్

చాలా థ్యాంక్స్ అండి. మ్యాపింగ్ లీక్ నిజమే, స్కాటర్-గ్యాదర్ ఆన్‌లోనే ఉంది, డీఎంఏ డీబగ్ పెట్టి చూస్తే దొరికింది. ఎంటీయూ సంగతి అసలు ఊహించలేదు.

ఇంకో ప్రశ్న. స్మ్యాచ్ (కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే పనిముట్టు) నడిపితే మూడు చోట్ల "చెక్ కంటే ముందే వేరియబుల్ డీరిఫరెన్స్ అయింది" అంటోంది, అంటే పాయింటర్ చూపే చోటుని ముందే చదివేశాం అని. ఉదాహరణకి ఫంక్షన్ మొదట్లో స్ట్రక్ట్ రింగ్ *ఆర్ = క్యూ->రింగ్; ఉంది, రెండు లైన్ల కింద ఇఫ్ (!క్యూ) రిటర్న్ 0; ఉంది. ముందే వాడేశాం, ఇన్నాళ్లూ కూలలేదు, కాబట్టి చెక్ దండగ అని తీసేయొచ్చా?

సాఫ్ట్‌ఐఆర్‌క్యూ

ఇన్నాళ్లూ కూలలేదన్నది రుజువు కాదు. ఈ రూపంలోనే ఒక బగ్ చరిత్రకెక్కింది, అదీ నెట్‌వర్కింగ్ కోడ్‌లోనే. 2009లో 2.6.30 కెర్నల్, టన్ డ్రైవర్, పోల్ ఫంక్షన్. ముందు ఎస్‌కే = టన్->ఎస్‌కే; అని తీసుకున్నారు, తర్వాత ఇఫ్ (!టన్) రిటర్న్ పోల్‌ఎర్; అని చూశారు. జీసీసీ కంపైలర్ ఏమనుకుంది? టన్‌ని ఇప్పటికే డీరిఫరెన్స్ చేశారు, కాబట్టి అది నల్ కాదు, కాబట్టి ఈ చెక్ ఎప్పటికీ నిజం కాదు అని చెక్‌నే లేపేసింది. సోర్స్‌లో చెక్ ఉంది, బైనరీలో లేదు. సున్నా అడ్రస్ దగ్గర పేజీని మ్యాప్ చేయగలిగిన యూజర్ అక్కడ తనకు కావాల్సింది పేర్చి పెట్టి, ఆ దారిలో కెర్నల్ హక్కులు సంపాదించగలిగాడు. సీవీఈ-2009-1897 అంటే ఇదే. ఆ తర్వాతే కెర్నల్ మేక్‌ఫైల్‌లోకి -ఎఫ్‌నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్ అనే ఫ్లాగ్ వచ్చింది. ఇప్పుడు కంపైలర్ మీ చెక్‌ని అలా మింగేయదు. కానీ డీరిఫరెన్స్ ముందే జరిగితే చెక్ ఉన్నా ఏం లాభం, కూలేది ముందు లైన్లోనే.

కాబట్టి స్మ్యాచ్ చెప్పినప్పుడు దారులు రెండు, ఏది పట్టాలో స్మ్యాచ్ చెప్పదు. పిలిచేవాళ్లందరినీ వెతకండి. క్యూ ఎప్పుడూ ప్రోబ్‌లో కేటాయించిన అర్రే నుంచి &ప్రివ్->క్యూ[ఐ] రూపంలో వస్తుంటే నల్ అసాధ్యం, చెక్ తీయండి. నాపీ పోల్‌లో (ప్యాకెట్లని విడతలుగా చూసుకునే ఫంక్షన్) కంటైనర్_ఆఫ్‌తో తెచ్చుకున్న క్యూ అయినా అంతే. అలాకాక ఒక్క దారిలో, ఉదాహరణకి ఓపెన్ కాకముందే ఈథ్‌టూల్ స్టాటిస్టిక్స్ అడిగినప్పుడు, నల్ రాగలిగితే చెక్ ఉండాలి, డీరిఫరెన్స్ చెక్ కిందకి దిగాలి. మొదటిది క్లీనప్, రెండోది బగ్ ఫిక్స్. రెండూ వెళ్లే ట్రీలు కూడా వేరు.

ఒక తేడా గమనించండి. స్ట్రక్ట్ డివైస్ *డి = &ఎన్‌డెవ్->డెవ్; అన్నది డీరిఫరెన్స్ కాదు, అడ్రస్ లెక్క మాత్రమే. స్మ్యాచ్ ఊరుకుంటుంది. కానీ ఆ తర్వాత ఎవరైనా ఇఫ్ (!డి) అని రాస్తే అది నెట్‌డెవ్_ప్రివ్ కథే. ఇఫ్ (ఎన్‌డెవ్->నేమ్) అన్నది కూడా ఇదే బాపతు. నేమ్ 16 అక్షరాల అర్రే, పాయింటర్ కాదు, ఎప్పుడూ నిజమే. పేరు ఖాళీగా ఉందో లేదో చూడాలంటే నేమ్[0] చూడాలి.

నిమ్మకాయ_సోడా

పైన (ఉ)కి ఇచ్చిన సలహాతో సగమే ఏకీభవిస్తాను. రింగ్ కూల్చే లూప్‌లో ఎస్‌కేబీ చెక్ తీయడం ఓకే, అది ఇంటర్‌ఫేస్ డౌన్ చేసినప్పుడు ఒక్కసారి నడుస్తుంది. అదే పని టీఎక్స్ కంప్లీషన్‌లో, నాపీ పోల్ లోపల చేయకండి. మామూలు కాన్ఫిగరేషన్‌లో ఒక ఎస్‌కేబీకి 17 దాకా ఫ్రాగ్‌లు, ఆ స్లాట్లన్నిటిలో ఎస్‌కేబీ నల్. చెక్ ఉంటే ఒక టెస్ట్, ఒక జంప్. ఎక్స్86-64లో రెండూ కలిపి 5 బైట్లు. చెక్ తీస్తే ప్రతి ఫ్రాగ్‌కీ లోపలికి వెళ్లి నల్ చూసి వెనక్కి వచ్చే ఫంక్షన్ కాల్. నల్ రావడం అరుదైన చోట చెక్ దండగ, నల్లే ఎక్కువగా వచ్చే చోట చెక్ ఆదా. ఎలాగూ కంప్లీషన్‌లో వాడాల్సింది నాపీ_కన్స్యూమ్_ఎస్‌కేబీ, బడ్జెట్ కూడా ఇచ్చి.

మీరు అడగలేదు గానీ అదే డ్రైవర్‌లో ఇజ్_ఎర్_ఆర్_నల్ కోసం గ్రెప్ చేయండి. ఎక్కడ కనిపించినా, పిలిచిన ఫంక్షన్ నిజంగా రెండూ ఇస్తుందా అని చూడండి. తప్పు జరిగితే ఐపీ_రూట్_అవుట్‌పుట్_కీ ఎర్రర్ పాయింటర్ (అడ్రస్ రూపంలో ఉన్న ఎర్రర్ కోడ్) మాత్రమే ఇస్తుంది, నల్ ఇవ్వదు. ఐపీ6_రూట్_అవుట్‌పుట్ ఆ రెండూ ఇవ్వదు, ఎప్పుడూ డీఎస్‌టీ ఇస్తుంది, తప్పు జరిగితే డీఎస్‌టీ->ఎర్రర్‌లో ఉంటుంది. దాని మీద నల్ చెక్ పెట్టి ఎర్రర్ చూడకుండా వదిలేసిన కోడ్ అంటే తాళం దొడ్డిగుమ్మానికి వేసి వీధి తలుపు తీసిపెట్టినట్టు. ఎస్‌కేబీ_జీఎస్ఓ_సెగ్మెంట్ మాత్రం నిజంగానే మూడు రకాలుగా ఇస్తుంది: జాబితా, ఎర్రర్ పాయింటర్, లేదా హెడర్ తనిఖీ చాలు అనుకున్నప్పుడు నల్. అక్కడ ఇజ్_ఎర్_ఆర్_నల్ సబబే.

అన్నిటికంటే చెడ్డది ఇఫ్ (ఇజ్_ఎర్_ఆర్_నల్(పి)) రిటర్న్ పీటీఆర్_ఎర్(పి); అన్న రూపం. పి నల్ అయితే పీటీఆర్_ఎర్ సున్నా, అంటే విజయం! ప్రోబ్ సజావుగా ముగిసిందని పైవాళ్లు అనుకుంటారు.

లిస్ట్_ఫర్_ఈచ్_ఎంట్రీ తర్వాత ఇఫ్ (!ఎంట్రీ) కూడా వెతకండి. బ్రేక్ లేకుండా లూప్ అయిపోతే ఎంట్రీ నల్ కాదు, జాబితా తలనే ఎంట్రీ అనుకుని లెక్కగట్టిన దొంగ అడ్రస్. ఈ చెక్‌ని అనవసరమని తీసేస్తే బగ్‌ని దాచేసినట్టే. దొరికిందాన్ని వేరే వేరియబుల్‌లో పెట్టుకుని, దాన్ని నల్‌తో మొదలుపెట్టి, దాన్నే చూడాలి.

గోదారి_గట్టు

పంపే పద్ధతి గురించి. ముందు పనిముట్లు. కాక్సినెల్ అంటే కోడ్‌లో నమూనాలు వెతికి మార్చేది. స్క్రిప్ట్స్/కాక్సినెల్/ఫ్రీ కింద ఇఫ్‌నల్‌ఫ్రీ.కాకీ ఉంది, కేఫ్రీ, కేవీఫ్రీ, డీబగ్ఎఫ్ఎస్_రిమూవ్, మెమ్‌పూల్_డిస్ట్రాయ్ లాంటివాటికి. పక్కనే ఇఫ్‌నల్‌డెవ్_పుట్.కాకీ ఉంది. లిస్ట్ లూప్‌ల కోసం ఇటరేటర్స్ డైరెక్టరీలో ఐటీనల్.కాకీ. నడిపే తీరు:

మేక్ కాక్సీచెక్ మోడ్=రిపోర్ట్ కాకీ=స్క్రిప్ట్స్/కాక్సినెల్/ఫ్రీ/ఇఫ్‌నల్‌ఫ్రీ.కాకీ ఎం=డ్రైవర్స్/నెట్/ఈథర్నెట్/మీ_డైరెక్టరీ

ఇక్కడ మోడ్, కాకీ, ఎం మూడూ పెద్ద అక్షరాల్లో కొట్టాలి. ఎం ఇవ్వకుండా మొత్తం ట్రీ మీద వదిలితే గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది, వందల ఫైళ్ల రిపోర్ట్ వస్తుంది, మీకు ఉపయోగం సున్నా. మోడ్=ప్యాచ్ ఇస్తే డిఫ్ రాసిస్తుంది. దాన్ని యథాతథంగా పంపొద్దు, ఇఫ్ ముందున్న కామెంట్లు, ఖాళీ లైన్లు ఒకోసారి వికారంగా మిగులుతాయి. ఎస్‌కేబీ కోసం సొంత సెమాంటిక్ ప్యాచ్ నాలుగు లైన్లే:

@@ ఎక్స్‌ప్రెషన్ ఈ; @@
- ఇఫ్ (ఈ)
-   కన్స్యూమ్_ఎస్‌కేబీ(ఈ);
+ కన్స్యూమ్_ఎస్‌కేబీ(ఈ);

మార్చాక ముందూ వెనకా ఆబ్జెక్ట్ ఫైళ్లని స్క్రిప్ట్స్/బ్లోట్-ఓ-మీటర్‌కి (సైజు తేడా చూపే స్క్రిప్ట్) ఇవ్వండి. డెవ్_పుట్ ఇన్‌లైన్ కాబట్టి బయట చెక్, లోపల చెక్ కలిసి కంపైలర్ చేతిలో ఒకటైపోతాయి, తేడా దాదాపు సున్నా రావాలి. ఫంక్షన్ కాల్ అయ్యేవాటిలో కొన్ని బైట్లు తగ్గాలి. పెరిగినా, వందల్లో తగ్గినా మీరు అనుకున్నదానికంటే ఎక్కువే మార్చారు, డిఫ్ మళ్లీ చదవండి.

ఇక మెయింటెయినర్ల సంగతి. నెట్‌డెవ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, వేరే పనితో సంబంధం లేని ఉత్త క్లీనప్‌లని వాళ్లు ప్రోత్సహించరు, చెక్‌ప్యాచ్ హెచ్చరికలు తీర్చే ప్యాచ్‌లతో సహా. కారణం న్యాయమైనదే. ప్రతి చిన్న మార్పూ తర్వాత రాబోయే అసలు ఫిక్స్‌ల బ్యాక్‌పోర్ట్‌కి అడ్డం తగులుతుంది, రివ్యూ చేసేవాళ్ల సమయం తింటుంది. మీది కొత్తగా చేరే డ్రైవర్ కాబట్టి ఈ గొడవే లేదు. చెక్‌లన్నీ పంపే ముందే తీసేసి శుభ్రమైన కోడ్ పంపండి, చరిత్ర అక్కర్లేదు. ఇప్పటికే ట్రీలో ఉన్న డ్రైవర్ అయితే మ్యాపింగ్ లీక్, డీరిఫరెన్స్ క్రమం ఈ రెండూ బగ్ ఫిక్స్‌లు వెళ్లే నెట్ ట్రీకి, ఫిక్సెస్ ట్యాగ్‌తో (బగ్ ఏ కమిట్‌లో వచ్చిందో చెప్పే లైన్). మిగతావి నెట్-నెక్స్ట్‌కి, ఆ డ్రైవర్‌లో మీరు చేస్తున్న అసలు పని సిరీస్‌కి ముందు భాగంగా. క్లీనప్‌కి ఫిక్సెస్ ట్యాగ్ తగిలించకండి, స్టేబుల్ వాళ్లు దాన్ని చూసి పాత ట్రీకి లాక్కెళ్తే పైన చెప్పిన డెవ్_పుట్ ఊప్స్ చేతులారా తెచ్చుకున్నట్టే.

ఒక కారణానికి ఒక ప్యాచ్. "పిలిచిన ఫంక్షన్ నల్‌ని తట్టుకుంటుంది" ఒకటి, "ఈ పాయింటర్ నిర్మాణం వల్లే నల్ కాదు" ఇంకొకటి. కమిట్ మెసేజ్‌లో "అనవసరమైన చెక్ తీసేశాం" అని వదిలేస్తే ఎందుకు అనవసరమని అడుగుతారు, వెర్షన్ 2 పంపాలి. ఇలా రాయండి: "క్యూ ప్రోబ్‌లో కేటాయించిన అర్రేలోని ఎంట్రీ అడ్రస్, దీన్ని పిలిచేది ఫలానా పోల్ ఫంక్షన్ ఒక్కటే, కాబట్టి నల్ కాలేదు. పని తీరులో మార్పు లేదు." స్మ్యాచ్ పట్టిస్తే ఆ మాట కూడా రాయండి. సిరీస్‌లో 15 ప్యాచ్‌లు దాటకూడదు, 24 గంటల లోపు కొత్త వెర్షన్ పంపకూడదు, మెర్జ్ విండో నడిచే రెండు వారాలూ నెట్-నెక్స్ట్ మూసి ఉంటుంది.

టీఎక్స్_రింగ్

అర్థమైంది. ఐపీవీ6 చెక్ ఉంచుతున్నాను, కంప్లీషన్‌లో ఎస్‌కేబీ చెక్ కూడా. ఒక్కటి మిగిలింది: పాత బోర్డుల 5.10 కోసం అదే సోర్స్ వాడాలి. డెవ్_పుట్ ముందు చెక్ రెండు చోట్లా ఉంచేస్తే పోలా?

గోదారి_గట్టు

పంపే కోడ్‌లో వద్దండి, తీసేయమంటారు. ట్రీ బయట మీ దగ్గరే ఉండే ఒక కాంపాట్ హెడర్‌లో చిన్న ఇన్‌లైన్ ర్యాపర్ రాసుకోండి, లోపల ఇఫ్ (డెవ్) డెవ్_పుట్(డెవ్); పెట్టి. ట్రాకర్ ఉన్న నెట్‌డెవ్_పుట్ పేరు 5.10లో లేదు కాబట్టి ర్యాపర్‌కి నేరుగా ఆ పేరే ఇచ్చి, ట్రాకర్ ఆర్గ్యుమెంట్‌ని పట్టించుకోకుండా వదిలేయొచ్చు. నెట్‌డెవ్_హోల్డ్‌కీ అలాగే. నెట్‌డివైస్_ట్రాకర్ టైప్ కూడా అక్కడ ఉండదు, ఒక ఖాళీ స్ట్రక్ట్‌తో టైప్‌డెఫ్ చేసుకోండి, లేకపోతే ప్రివ్ స్ట్రక్చర్ దగ్గరే కంపైల్ ఆగిపోతుంది.